ఐసు సుబేదారు

మా చెల్లెలి కోడలు ఈమధ్యే ఒక కోచింగ్ సెంటర్లో చేరింది. ఇంటర్వ్యూలకు తయారు చేయడం దాని పని. చేరిన వారానికే ఫోన్ చేసి, "అత్తయ్యా, మీరు ఇన్నేళ్ళు ఏం చెప్పేవారు వాళ్ళకి? నాకు రెండో రోజుకే సరుకు అయిపోయింది" అంది. ఫోన్లో చెప్పబోయాను. చెబుతుంటే అది ఒక పూటలో తేలే వ్యవహారం కాదని నాకే అర్థమైంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళూ చదువుకోవచ్చు.

శ్రీకాకుళంలో మా సెంటర్ మొదట ఒక మేడ మీద రెండు గదులు. నేను మానేసేనాటికి మూడు అంతస్తులైంది, లిఫ్టు కూడా పెట్టారు. ఆ లిఫ్టు పనిచేసిన రోజులు తక్కువ లెండి. బోర్డు మీద నా పేరు పక్కన "ఇంగ్లీషు" అని ఉండేది. నిజానికి నా పని ఇంగ్లీషు కాదు. మనిషి ఎదురుగా కూర్చుని, వాడు ఇన్నాళ్ళు చేసిందేమిటో వాడి చేతే చెప్పించడం నా పని. వినడానికి తేలికగా ఉంటుంది కానీ, నోరు తెరిపించడానికి ఒక్కొక్కరి దగ్గర నెలలు పట్టేది. తెరిచాక నేనే నోరు తెరుచుకుని వినేదాన్ని.

మిలట్రీ బ్యాచి

మా వైపు ఏ ఊరెళ్ళినా మిలట్రీలో చేసినవాళ్ళు తగులుతారు. మీసం సరిగా రాకముందే వెళ్ళిపోతారు, నలభై దాటీ దాటగానే పెన్షన్‌తో ఇంటికొస్తారు. అదే వయసు ఆఫీసు ఉద్యోగి అప్పుడే కుర్చీలో కుదురుకుంటూ ఉంటాడు. వీళ్ళేమో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎక్కువమంది ఏ బ్యాంకు గుమ్మం దగ్గరో తుపాకీ పట్టుకుని నిలబడతారు. కొద్దిమంది మాత్రం చదువుకుంటాం అంటారు. పని అనుభవం ఉన్నవాళ్ళ కోసం బిజినెస్ స్కూళ్ళు ఏడాది కోర్సులు నడుపుతాయి. వాటికొక పరీక్ష, కొన్ని వ్యాసాలు, ఆ తర్వాత ఇంటర్వ్యూ. మా సెంటర్లో "మిలట్రీ బ్యాచి" అని పిలిచే సాయంత్రం క్లాసు అలా మొదలైంది. అది నాకు అంటగట్టారు. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత ఇంకెవరైనా ఆ క్లాసు అడిగితే పోట్లాడేదాన్ని.

వాళ్ళు చేసే తప్పులు ఇంకెవరూ చేయరు. పాతపట్నం దగ్గర నుంచి ఒక హవల్దారు వచ్చేవాడు. లెక్కల్లో దిట్ట. ఇంటర్వ్యూ ముగించుకుని నేరుగా నా గదికి వచ్చి, "కాళ్ళు పీకేస్తన్నాయి మేడమ్" అన్నాడు.

"ఎందుకయ్యా?"

"కూకోమని ఎవులూ అన్లేదు మేడమ్."

ఇంటర్వ్యూ గదిలో ఎదురుగా కుర్చీ ఉంది. లోపలున్న ముగ్గురు పెద్దమనుషులూ మాటల్లో పడి కూర్చోమనడం మరిచిపోయారు. ఇతగాడు ఇంటర్వ్యూ అంతా నిటారుగా నిలబడే జవాబులు చెప్పాడు. నడుము నొప్పేమో, అడిగితే బాగుండదని వాళ్ళూ ఊరుకున్నారట! ఆ సంగతి తెలిసి నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అతను మాత్రం నవ్వలేదు, "మరి కూకోవచ్చా మేడమ్?" అని అడిగి అప్పుడు కూర్చున్నాడు. అది నా గది, అతను రోజూ కూర్చునే కుర్చీ.

మా డైరెక్టరు గారు

ఆయన గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. మంచి మనిషి. కరెంటు పోతే షర్టు చేతులు మడిచి జనరేటర్ తాడు తనే లాగేవాడు. ఎవరింట్లో చావైనా ముందు వెళ్ళేది ఆయనే. కానీ ఆయన దగ్గర ప్రతి ప్రశ్నకూ ఒక జవాబు ఉండేది. అదే జవాబు అందరికీ. మీ బలహీనత ఏమిటి అంటే "నేను పనిలో పడితే తిండి మరిచిపోతాను" అనాలి. రైతు కొడుకూ అదే, నర్సూ అదే, హవల్దారూ అదే. ఒకే రోజు మా సెంటర్ నుంచి నలుగురు వెళ్ళి నలుగురూ తిండి మరిచిపోతామని చెప్పి వచ్చారు.

"ఫలితాలు వస్తున్నాయి కదమ్మా" అనేవాడు ఆయన. వస్తున్న మాట నిజమే. సీటు వచ్చినవాళ్ళకు ఆ జవాబుల వల్ల వచ్చిందా, ఆ జవాబులున్నా వచ్చిందా అన్నదే మా ఇద్దరి మధ్య గొడవ. ఆ గొడవ నేను రిటైరయ్యేదాకా తెగలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా మాట ఒకటే. ఎదుటివాళ్ళకు మీ మాటలు అతికించకండి. అవి మొదటి ఎదురు ప్రశ్నకే ఊడిపోతాయి.

అప్పన్న వచ్చాడు

అప్పన్న సుబేదారుగా రిటైరయ్యాడు. కళింగపట్నం వైపు తీరంలో ఊరు, చేపలు పట్టే కుటుంబం. నలభై ఆరేళ్ళుంటాయి, చూడ్డానికి ఇంకా చిన్నగా కనిపిస్తాడు. మొదటి రోజు గుమ్మంలో నిలబడి, "మేడమ్ గారూ, లోపలికి వస్తాను" అని ఆగాడు. హవల్దారు సంగతి గుర్తొచ్చి, నేను వెంటనే కూర్చోమన్నాను.

విశాఖపట్నంలో ఒక పెద్ద బిజినెస్ స్కూలు పేరు చెప్పి, అందులో ఏడాది కోర్సుకు వెళ్ళాలన్నాడు. అక్కడే హాస్టల్లో ఉండి చదవాలి. తోటివాళ్ళందరూ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లలు.

"ఈ వయసులో ఎందుకండీ?" అన్నాను. అందరినీ అడిగే ప్రశ్నే.

"ఐసు కోసం మేడమ్."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. సైన్యంలో ఆయనది రేషన్ పంపే విభాగం. మంచుకొండల మీద పోస్టులకు బియ్యం, కిరసనాయిలు, గుడ్లు, మందులు చేర్చడం. కింది నుంచి బయల్దేరిన నారింజపండు పైకి చేరేసరికి గోడకేసి కొట్టినా పగలదట. గుడ్డు కొట్టాలంటే సుత్తి కావాలట. అక్కడ ఏళ్ళ తరబడి ఆయన పోరాటమంతా సరుకు గడ్డకట్టకుండా చూడటమే. సెలవులకు ఇంటికొస్తే, తీరంలో తల్లి తట్టలో చేపలు పెట్టుకుని ఆటో కోసం చూస్తూ ఉండేది. ఐసు దొరికేది కాదు. శ్రీకాకుళం బజారు చేరేసరికి ఎండకు చేప మెత్తబడిపోయేది. మెత్తబడ్డది ఎండబెట్టుకోవడానికి తప్ప పనికిరాదు.

"ఆ కొండమీద నా కాళ్ళకింద అంతా ఐసే మేడమ్. కిలోమీటర్ల లోతు. ఇక్కడ మాయమ్మకి ఒక గంపెడు లేదు. అక్కడ కూకుని రోజూ అదే అనుకునీవాణ్ణి. దేవుడు ఇదంతా తప్పు ఊళ్ళో పెట్టీసినాడని."

చావుబతుకుల మధ్య కూర్చుని, కాళ్ళ కింద ఉన్న మంచును చూసి తల్లి చేపల గంప గుర్తుచేసుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా బ్యాచి కుర్రాళ్ళు ఆ సాయంత్రమే ఆయనకు ఐసు సుబేదారని పేరు పెట్టేశారు.

ఇసుక మీద పాఠం

ఇలా నోటితో చెప్పిన మనిషే, "మీరు ఏం చేయదలచుకున్నారో ఒక పేజీలో రాయండి" అంటే చేతులెత్తేశాడు. పెన్ను పట్టుకుంటే చేయి కదలదు. రెండు వారాలు చూశాను. రాసిందల్లా సైన్యం రిపోర్టులా ఉండేది: ఫలానా చోటికి ఫలానా సరుకు చేర్చబడినది. చేర్చినవాడు ఎక్కడా కనబడడు. వీళ్ళందరి పద్ధతీ అదే. జట్టు చేసిన పనిలో తన వాటా విడదీసి చెప్పుకోవడం సిగ్గు వాళ్ళకు.

ఒకరోజు ఆయనే, "మేడమ్, ఎనకాల ఇసుక ఉన్నాది కదా, ఓసారి వాడుకోవచ్చా?" అన్నాడు. మూడో అంతస్తు కట్టడానికి లారీ ఇసుక పోయించారు మా డైరెక్టరు గారు. అప్పన్న చెప్పులు విడిచి ఆ ఇసుకలో దిగాడు. అరచేత్తో చదును చేసి ఒక పక్క సముద్రం గీశాడు. ఇటుక ముక్కలు బోట్లు. కొబ్బరి పీచు ఇళ్ళు. విరిగిన సుద్దముక్కలు వరసగా పెట్టి శ్రీకాకుళం రోడ్డు. ఒక టీ గ్లాసు బోర్లించి బజారు అన్నాడు.

సైన్యంలో ఏ పని మొదలెట్టే ముందైనా ఇలాగే నేల మీద నమూనా చేస్తారట. చుట్టూ అందరూ నిలబడతారు. పెద్దాయన చెప్పడం అయ్యాక, అందరికన్నా చిన్న సిపాయి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరూ తన పని తిరిగి చెప్పాలి. చివర పెద్దాయన, "నేను పడిపోతే ఎవరు?" అని అడుగుతాడు. ఒకడు ముందుకొస్తాడు. "వాడూ పడిపోతే?" ఇంకొకడు ముందుకొస్తాడు. అలా ఆఖరివాడిదాకా.

"అంటే... మీ ముందే అడుగుతారా?" అన్నాను.

"మరి ముందే అడగాల కదా మేడమ్. తరవాత అడగడానికి అతను ఉండడు."

మామూలుగా అన్నాడు, టీలో పంచదార సరిపోయిందా అన్నట్టు. బ్యాచి మొత్తం గోడెక్కి చూస్తోంది. అప్పన్న మాత్రం ఇసుక మీద వంగి, బోటు ఎప్పుడు ఒడ్డుకొస్తుందో, ఐసు ఎక్కడ పెట్టాలో, ఆటో ఎక్కడ ఆగాలో, ఏ చేపకు ఎంతసేపు ఓపిక ఉంటుందో గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. ఆయన వ్యాసం అలా తయారైంది. ఆ తర్వాత మిలట్రీ బ్యాచిలో ఎవరికీ ముందు కాగితం ఇవ్వలేదు, ఇసుక దగ్గరకే తీసుకెళ్ళేదాన్ని. ఇసుక లేకపోతే బియ్యం పోసుకుని గీయండి. మీకూ పనికొస్తుంది.

సీటు రానందుకు చందువాలు

ఆ ఏడు ఆయనకు సీటు రాలేదు.

వ్యాసాలు చదివి పిలిచారు. ఇంటర్వ్యూకి ముందు మా డైరెక్టరు గారు అప్పన్నను తన గదిలో కూర్చోబెట్టి, "యుద్ధం చెప్పండి. మంచు, తుపాకులు, త్యాగం. వాళ్ళ గుండె కరిగిపోవాలి" అని నూరిపోశాడు. సైనికుడికి పైవాడు చెబితే అది ఆర్డరే. మా ఇంటర్వ్యూ క్లాసు కూడా ఆయనకు ఒక దళమే, అందులో డైరెక్టరు గారు అందరికన్నా పైవాడు. వెళ్ళి అలాగే చెప్పాడు. వాళ్ళు మర్యాదగా విన్నారు, దేశానికి చేసిన సేవకు ధన్యవాదాలు చెప్పారు, పంపించేశారు. మీరు ఎప్పుడైనా ఓడిపోయారా అని మధ్యలో ఒకామె అడిగిందట. "లేదు మేడమ్" అన్నాడట.

ఆ మాటే దెబ్బ తీసిందని నాకు అనిపించింది. కానీ ఎందుకలా అన్నాడో అప్పటికి నాకు తెలీదు.

వారం తిరక్కుండా మా ఇంటికి ఒక సంచీ వచ్చింది. నిండా చందువా చేపలు. తెచ్చింది అప్పన్న భార్య పోలమ్మ. మాటలో గాని నడకలో గాని మొహమాటం లేని మనిషి.

"సీటు రానేదు కదా మేడమ్మా. అందుకే తెచ్చినాను."

సీటు వచ్చిందని స్వీట్లు తినిపించినవాళ్ళు నాకు బోలెడుమంది. రాలేదని చేపలు తెచ్చింది ఈమె ఒక్కతే. నవ్వాలో ఏడవాలో తెలీక లోపలికి రమ్మన్నాను. ఆవిడ గుమ్మంలోనే కూర్చుంది.

"పెళ్ళైన కాడ్నించి అతను మా ఇంట్లో సుట్టమే. ఏడాదికో నెల వచ్చీవోడు, ఎల్లిపోయీవోడు. ఇరవై నాలుగేళ్ళు. ఇప్పుడొచ్చినాడు కదా అనుకుంటే మళ్ళీ హాస్టలంట! మీరే ఎక్కిస్తన్నారు. ఇంక ఎక్కించకండి."

అంతవరకు ఆయనకు సీటు రావడం ఒక్కటే గెలుపు అనుకున్నాను. ఆ గెలుపును ఈ ఇంట్లో ఇంకొకరు ఎలా చూస్తారో నా ఆలోచనకే రాలేదు.

"మీ ఊరు ఒకసారి చూడొచ్చా?" అని మాత్రం అడిగాను.

"రండి. ఈల కత కూడా ఇందురుగాని" అంది.

ఈల కథ

నేను వెళ్ళేసరికి తెల్లవారుతోంది. బోట్లు ఒడ్డుకొస్తున్నాయి, ఇసుక మీద చేపలు కుప్పలు పోసి వేలం పాట పాడుతున్నారు. అప్పన్న ఎవరిదో బోటు తాడు లాగుతున్నాడు, నన్ను ఇంకా చూడలేదు. పోలమ్మ నన్ను ఒక చిన్న రేకుల గది దగ్గరకు తీసుకెళ్ళింది. మందపాటి తలుపు, లోపల చల్లగా ఉంది. అది అప్పన్న రిటైరై వచ్చీ రాగానే కట్టించిన ఐసు గది.

కథ చెప్పింది నూకాలమ్మ అనే ఆవిడ. అప్పన్నకు వరసకు అత్త, తీరంలో అందరికన్నా పెద్ద నోరు.

ఐసు గది పెట్టాక అప్పన్న చేపలమ్మే ఆడవాళ్ళందరినీ పిలిచి పద్ధతి చెప్పాడట. చీకటితోనే రావాలి, వరసలో నిలబడాలి, గంపకు గుర్తు కట్టాలి, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు ఐసు తీసుకోవాలి. మర్నాడు ఆ చీకట్లో ఈల ఊదాడట. మిలట్రీ ఈల.

"మొదట్రోజు నవ్వుకుంటా వరసలో నిల్సున్నాం. సరదాగానే ఉన్నాది. రెండో రోజు మా సెల్లెలు ఆలీసెంగా వచ్చిందనీసి ఎనక్కి పంపీసినాడు. మూడో రోజుకి ఎవులూ ఎల్లనేదు. ఎప్పుడూ ఒడ్డుకొచ్చి సేపలు కొనీ వేను కుర్రోడికే అమ్మీసినాం" అంది నూకాలమ్మ.

అప్పన్న ఆ రోజంతా ఐసు పక్కనే కూర్చున్నాడట. ఐసు కరిగి, నీళ్ళు గుమ్మం దాటి ఇసుకలోకి పోయేదాకా కూర్చున్నాడట. సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి, ఎందుకు రాలేదని అడిగాడు. కోపం లేకుండానే అడిగాడు. అప్పుడు నూకాలమ్మ చెప్పిందట:

"ఒరే అప్పన్నా, నీ ఐసు బాగున్నాది. నీ ఈలే బాగోనేదు. నా మొగుడు అరిస్తేనే నేను లెగనేదు, నీ ఈలకి లెగుస్తానేటి?"

ఇప్పుడు ఆ గది పోలమ్మ చూస్తోంది. వరసా లేదు, ఈలా లేదు. వచ్చినవాళ్ళు తీసుకుంటారు. ఊళ్ళో సగం మంది వస్తున్నారు. ఆ సగమే ఎందుకంటే, మిగతా సగం పై వీధివాళ్ళు, వాళ్ళకూ పోలమ్మకూ మాటల్లేవు. అంటే ఆవిడ దగ్గరా చిక్కుంది.

ఇంతలో అప్పన్న తడి లుంగీతో వచ్చాడు. ఏ కథ నడుస్తోందో మా మొహాలు చూసి గ్రహించాడు.

"ఇది ఎందుకు చెప్పలేదండీ? ఓడిపోయారా అని అడిగితే లేదన్నారు కదా" అన్నాను.

తల దించుకున్నాడు. "అది ఓటమి కాదు మేడమ్, సిగ్గు. కొండమీద ఒక్క పోస్టుకి ఒక్క పూట రేషను ఆగనీలేదు నేను. ఇక్కడ మాయత్త సేత గంపెడు ఐసు ఎత్తించనేకపోనాను. అది ఎలగ సెప్తాను?"

"అదే చెప్పండి," అన్నాను. "వచ్చే ఏడు మళ్ళీ వెళదాం, అదొక్కటే చెప్పండి."

పోలమ్మ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. చందువాలు తిని ఈ పని చేశావా అన్నట్టు చూసింది.

రెండోసారి

మరుసటి ఏడు మళ్ళీ పిలుపు వచ్చింది. డైరెక్టరు గారు ఈసారి జోక్యం చేసుకోలేదు. "నీ ఇష్టం అమ్మా. పోతే నీ ఖాతాలో" అన్నాడు. విశాఖకు అప్పన్నతో నేనూ వెళ్ళాను, పోలమ్మా వచ్చింది. "ఎక్కడికెల్తాడో సూస్తాను" అని బయల్దేరింది. దారి పొడుగునా నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ స్కూలు కొండ వాలులో ఉంది. గచ్చులు మెరుస్తున్నాయి. పిల్లలు నల్లకోట్లలో అటూ ఇటూ నడుస్తూ వాళ్ళలో వాళ్ళే పెదాలు కదుపుకుంటున్నారు, జవాబులు వల్లెవేసుకుంటున్నారన్నమాట. అప్పన్న ఇస్త్రీ చొక్కాతో వాళ్ళ మధ్య కూర్చున్నాడు. ఒక పిల్లవాడు ఆయన్ని ఎవరి నాన్నగారో అనుకుని, "అంకుల్, మీ అబ్బాయి లోపలున్నాడా?" అని అడిగాడు. "నేనే బాబూ" అన్నాడు అప్పన్న. ఆ పిల్లవాడి మొహం చూడాల్సింది.

ఆయన లోపలికి వెళ్ళాక పోలమ్మ నోరు విప్పింది, నా వైపు చూడకుండానే.

"మేడమ్మా, టీవీలో మంచు కూలిందని వస్తాది సూడండి. ఏ కొండో సెప్పరు. ఫోన్ పలకదు. అప్పుడు పొయ్యి ఎలిగించీదాన్ని కాదు. అతను తినలేదేమో, నేనెలా తింటాను అనీసి. రెండ్రోజులు, మూడ్రోజులు. తరవాత ఫోనొచ్చీది. ఏటి సేస్తన్నావు అనీవోడు. వండుకుంటన్నాను అనీదాన్ని."

నేను ఆవిడ చేయి పట్టుకున్నాను. నా జీవితంలో ఎంతోమంది సైనికులకు పాఠం చెప్పాను. వాళ్ళు కొండమీద ఉన్నప్పుడు కింద ఇంట్లో పొయ్యి వెలగలేదని నాకెవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఆ కొండ గురించి కంటే ఆ పొయ్యి గురించి తలుచుకుంటేనే నాకు ఎక్కువ ఆశ్చర్యం, ఎక్కువ గౌరవం.

అప్పన్న బయటికొచ్చాడు. మామూలుగా ఉన్నాడు.

"ఏటడిగినారు?" అంది పోలమ్మ నాకన్నా ముందు.

"పోయినేడు అడిగిన మేడమే ఉన్నారు. మేం బతకనేని సోట నువ్వు మనుషుల్ని నడిపినావు, నీకు మేం నేర్పీదేటున్నాది అన్నారు. ఈల కత సెప్పినాను."

"ఈల కత సెప్పీసినావా? ఊరి పరువు తీసీసినావు కదా!"

"ఇను. కొండమీద నా జట్టులో ఎవులూ ఎల్లిపోనేరు మేడమ్ అన్నాను. ఎల్లడానికి దారే నేదు. ఈల ఊదితే లెగాలి. అలాటోళ్ళనే నడిపినాను నేను ఇన్నాళ్ళూ. మా ఒడ్డున ఎవులికి నచ్చకపోయినా గంప ఎత్తుకుని ఎల్లిపోవచ్చు. ఎల్లిపోగలిగినోళ్ళు ఎల్లకుండా ఉండాలంటే ఏటి సెయ్యాలో నాకు తెల్దు. అది మీకాడ నేర్పుతారనీసి వచ్చినాను అన్నాను."

"వాళ్ళేమన్నారు?" అన్నాను.

"అందరూ కాయితాల మీద ఏదో రాసుకున్నారు మేడమ్. తరవాత ఒకాయన, సిన్నపిల్లల పక్కన కూకుని సదవాల, వాళ్ళు తప్పని సెప్తే పడతావా అన్నారు. నా మేనల్లుడి వయసు ఆఫీసర్లకి రోజూ సెల్యూట్ కొట్టినోణ్ణి సార్ అన్నాను. నవ్వినారు."

నా వృత్తిలో నేను ఎన్ని జవాబులు రాసిచ్చానో, ఎన్ని దిద్దానో లెక్కలేదు. ఇలాంటి జవాబు ఒక్కటి కూడా రాయలేకపోయేదాన్ని. ఏడాదంతా ఆయన పక్కన కూర్చున్నాను, ఆ మాట ఆయనలో ఉందని నాకు తెలీదు. అక్కడ నడవలో నిలబడి దండం పెట్టాలనిపించింది. పెడితే ఆయన కంగారు పడతాడని ఊరుకున్నాను.

అడగడం

సీటు వచ్చింది. మెయిల్ చూసి ముందు నాకే ఫోన్ చేశాడు, కానీ గొంతులో సంబరం లేదు.

"మేడమ్, పోలికి ఇంకా సెప్పనేదు. ఆర్డరొచ్చినప్పుడల్లా పెట్టె సద్దుకుని ఎల్లిపోనాను. ఎల్తన్నాను అని సెప్పీవోణ్ణి, అడిగీవోణ్ణి కాదు. ఈసారి అడుగుతాను. ఒద్దంటే మానీస్తాను. మీరొకసారి రండి. మీరుంటే నా నోరు పెగుల్తాది."

అంత సైన్యాన్ని నడిపిన మనిషికి భార్యను ఒక మాట అడగడానికి తోడు కావాల్సి వచ్చింది. నేను ఎగతాళి చేయలేదు. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళాను.

పోలమ్మ వాకిట్లో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. అప్పన్న ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నేను అరుగు మీద ఒక పక్కగా ఉన్నాను.

"పోలీ, సీటొచ్చింది. ఏడాది. ఒద్దంటే ఎల్లను. ఒట్టు. నువ్వేటంటే అది."

ఆవిడ తలెత్తలేదు. కత్తిపీట మీద చేప అటూ ఇటూ తిప్పింది. అప్పన్న నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఈ జవాబులో నేను దిద్దేది ఏమీ లేదు.

"శనివారం శనివారం వస్తావా?" అంది చివరికి.

"వస్తాను."

"మాసిన బట్టలు తేకు. ఆడే ఉతుక్కో."

"ఉతుక్కుంటాను."

"మరి ఎల్లు."

అప్పన్న కదల్లేదు. అంత తేలిగ్గా దొరికిన ఒప్పుదల మీద ఆయనకు నమ్మకం కుదరలేదు. "కోపంతో అంటన్నావా?" అన్నాడు.

పోలమ్మ అప్పుడు చేప పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని ఆయన మొహంలోకి చూసింది.

"కోపమేటి? నువ్వు ఎల్లిన పెతీసారీ బతికున్నావో నేదో అనీసి సూసీదాన్ని. ఇన్నాళ్ళకి, ఎల్తే సదువుకునొస్తావు అన్న సోటికి ఎల్తన్నావు. ఎల్లు. ఈసారి నేను వండుకు తింటాను."

అప్పన్న ఏడ్చాడు. దాచుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు. నేనూ ఏడ్చాను. పోలమ్మ మళ్ళీ కత్తిపీట ముందుకు జరిగి, ఉన్నదాంట్లో పెద్ద చేప ఎంచుకుని ముక్కలు కోయడం మొదలుపెట్టింది.